క్రిస్టల్ మెత్, హెచ్.ఐ.వి., ఒక నగరం నేర్చుకున్న పాఠం

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా కొంచెం పెద్దది. విషయం కూడా మనవాళ్ళు ఇంట్లోనో, ఆఫీసు క్యాంటీన్లోనో మాట్లాడుకునేది కాదు. గే, బైసెక్సువల్ మగవాళ్ళలో ఉత్తేజకాల వాడకం, దానివల్ల వాళ్ళ లైంగిక ఆరోగ్యానికి ఏమయ్యింది, దాన్ని ఎదుర్కోవడానికి ఎవరేం చేశారు అన్నది ఈ టపా. ముఖ్యంగా శాన్ ఫ్రాన్సిస్కో కథ. మనవాళ్ళు వేలమంది ఆ బ్రిడ్జిల మీదుగా రోజూ ఆఫీసులకి వెళ్తారు గానీ ఆ ఊరి ఈ చరిత్ర మాత్రం మనకి పెద్దగా తెలియదు.

నేను డాక్టర్ని కాను. కోడ్ రాసుకుంటూ, బగ్గులు వెతుక్కుంటూ బతికేవాణ్ణి. ఈ కథ నన్ను పట్టుకోవడానికి కారణం కూడా అదే. ఒక సమస్యకి అసలు కారణం ఏమిటి అని చాలా తెలివైనవాళ్ళు వెతికారు. ఒకసారి తప్పు కారణాన్ని పట్టుకున్నారు. ఇంకోసారి సరైన కారణాన్నే పట్టుకుని తప్పు మందు వేశారు. చివరికి పనిచేసే ఉపాయం చేతికందాక కూడా, దాన్ని వాడటానికి ఇరవై ఏళ్ళు తటపటాయించారు. మన ప్రాజెక్టుల్లోనూ ఇవన్నీ జరుగుతాయి. కాకపోతే మన దగ్గర పోయేది డెడ్‌లైన్, అక్కడ పోయింది ప్రాణాలు.

అసలు మన భాషలో ఈ జబ్బులకున్న పేరు చూడండి... "సుఖవ్యాధులు"! పేరులోనే తీర్పు ఇచ్చేశాం. సుఖపడ్డావు కాబట్టి అనుభవించు అని. ఈ తీర్పు చెప్పే అలవాటు మన ఒక్కళ్ళదే కాదు, అమెరికావాళ్ళదీ అంతే. ఈ టపాలో నేను చెప్పదలుచుకున్నదంతా దాని గురించే.

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక వేసింది. లాస్ ఏంజిలిస్‌లో అయిదుగురు గే యువకులకి అరుదైన నిమోనియా వచ్చింది, అప్పటికే ఇద్దరు చనిపోయారు అని. ఎయిడ్స్ గురించి వైద్య ప్రపంచంలో అచ్చయిన మొదటి నివేదిక అదే. అందులో ఇంకో ముక్క కూడా ఉంది. ఆ అయిదుగురూ ముక్కుతో పీల్చే మత్తుమందులు వాడారని.

దాంతో అనుమానం "పాపర్స్" మీదకి పోయింది. పాపర్స్ అంటే ఆమిల్ నైట్రైట్ లాంటి రసాయనాలు. 1867లో లాడర్ బ్రంటన్ అనే స్కాట్లండ్ డాక్టరు గుండెనొప్పికి వాడిన మందే ఇది. రక్తనాళాలని క్షణాల్లో వదులు చేస్తుంది. నిజానికి ఇది ఉత్తేజకం కాదు, కానీ 1970ల డిస్కోల్లో, గే క్లబ్బుల్లో బాగా వాడేవాళ్ళు. రోగులందరూ వాడారు కాబట్టి రోగానికి ఇదే కారణం అయ్యుండాలి అని కొందరు అనుకున్నారు. లాగ్ ఫైల్లో ప్రతి క్రాష్‌కి ముందు ఒకే వార్నింగ్ కనబడితే మనం కూడా ముందు దాన్నే అనుమానిస్తాం కదా! అనుమానించడంలో తప్పులేదు. 1983లో పారిస్‌లోని పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాంస్వా బారె-సినూసీ, లూక్ మోంటానియేల బృందం వైరస్‌ని పట్టుకుంది. దానికి 2008లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. కారణం వైరస్ అని తేలిపోయింది.

కానీ తేలాక కూడా ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. శాన్ ఫ్రాన్సిస్కోకి బే అవతలి ఒడ్డున, బర్క్‌లీలో పీటర్ డ్యూస్‌బర్గ్ అనే పేరున్న ప్రొఫెసర్, హెచ్.ఐ.వి. నిరపాయకరమైన వైరస్ అని 1987లో ఒక పత్రం రాశాడు. తర్వాత ఎయిడ్స్‌కి కారణం డ్రగ్సే అని వాదించాడు. పాపర్స్‌తో పాటు హెచ్.ఐ.వి.కి ఇచ్చే ఏ.జెడ్.టి. మందుని కూడా ఆ జాబితాలో వేశాడు. 2000లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకి వేసిన సలహా సంఘంలో ఈయన కూడా ఉన్నాడు. ఆ దేశంలో మందులు ఇవ్వడం ఆలస్యమయ్యింది. ఆ ఆలస్యం వల్ల 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క కట్టారు. కోరిలేషన్‌ని కారణం అనుకుని మొండికేస్తే అయ్యే ఖర్చు అది.

మరయితే డ్రగ్స్‌కి ఈ కథలో ఏ పాత్రా లేదా అంటే, ఉంది. పెద్దదే ఉంది. జబ్బు తెచ్చేది వైరసే. కానీ ఆ వైరస్‌కి దారి వెడల్పు చేసిన మందు ఒకటుంది. దాని పేరు మెథాంఫెటమిన్. వీధి పేర్లు క్రిస్టల్, మెత్, టీనా.

ఇది కొత్త మందేమీ కాదు. 1893లో నగాయ్ నగాయొషి అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త ఎఫెడ్రిన్ నుంచి తయారు చేశాడు. 1919లో అకిరా ఒగాతా స్ఫటిక రూపంలో తీశాడు. 1938లో జర్మనీలో "పెర్విటిన్" పేరుతో మాత్రలుగా అమ్మారు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు నిద్ర రాకుండా మింగారు. మెదడులో డోపమిన్‌ని ఒక్కసారిగా వదిలించి, తిరిగి లోపలికి పోకుండా ఆపుతుంది. కొకెయిన్ శరీరంలో సగానికి తగ్గడానికి గంట పడితే మెత్‌కి దాదాపు పది గంటలు పడుతుంది. అంటే నిద్ర లేదు, ఆకలి లేదు, అలసట లేదు, సిగ్గూ భయం లేవు.

ఇప్పుడు 1980లు, 90ల్లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో పేటలో బతుకుతున్న ఒక గే మనిషి సంగతి ఆలోచించండి. వారం వారం స్నేహితుల అంత్యక్రియలు. మంచం మీద ముట్టుకునే ప్రతి మనిషిలోనూ చావు కనిపించే భయం. ఇంట్లోవాళ్ళు చాలామందిని ఎప్పుడో వెలేశారు. అలాంటివాడికి ఒక్క రాత్రికి దుఃఖాన్నీ భయాన్నీ తుడిచేసి, నువ్వు అందగాడివి, నీకేం కాదు అని చెప్పే మందు దొరికితే? ఇది సమర్థన కాదు, వివరణ. ఒళ్ళు బలిసి వాడారు అనేవాళ్ళకి ఈ ముక్క తెలియాలి. 1996లో కొత్త మందుల కలయిక వచ్చి చావులు తగ్గాయి. అప్పటిదాకా వీలునామాలు రాసుకున్నవాళ్ళకి మళ్ళీ రేపు అనేది ఒకటి వచ్చింది, పార్టీలూ పెరిగాయి. మెత్ వాడితే అంగస్తంభన కష్టం అవుతుంది. ఆ అడ్డంకి కూడా 1998 మార్చిలో వయాగ్రా రాకతో తొలిగిపోయింది. పాపర్స్, వయాగ్రా కలిస్తే రక్తపోటు ప్రాణం మీదకి వచ్చేంతగా పడిపోతుంది, అది వేరే ప్రమాదం.

శరీరంలో జరిగేది మామూలు లెక్కే. రాత్రి మొదలైంది రెండు రోజులు సాగుతుంది. నీళ్ళు తాగరు, నోరూ చర్మం ఎండిపోతాయి, లోపలి పొరలు గీరుకుపోతాయి, నొప్పి తెలియదు. కండోమ్ మర్చిపోతారు. భాగస్వాముల సంఖ్య పెరుగుతుంది. అప్పటికే హెచ్.ఐ.వి. ఉన్నవాడైతే ఆ రెండు రోజులూ మందులు వేసుకోడు, రక్తంలో వైరస్ పెరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి ఆపినా కొంత మేలు. అన్నీ ఒకే రాత్రి జరిగేలా చేయడమే మెత్ ప్రత్యేకత.

అంకెలు కూడా అదే చెప్పాయి. బాల్టిమోర్, షికాగో, పిట్స్‌బర్గ్, లాస్ ఏంజిలిస్ నగరాల్లో 1984 నుంచి గే, బైసెక్సువల్ మగవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తున్న పెద్ద అధ్యయనం ఒకటుంది. దాని లెక్కలు 2007లో వచ్చాయి. మెత్, పాపర్స్ రెండూ వాడినవాళ్ళకి హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం, రెండూ వాడనివాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు.

మన ఫీల్డువాళ్ళకి నచ్చే ఉపకథ ఒకటి. 1999 వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్నట్టుండి సిఫిలిస్ కేసులు వచ్చాయి. రోగులని మీ భాగస్వాములెవరు అని అడిగితే ఊరూ పేరూ చెప్పలేకపోయారు, చెప్పగలిగింది ఎ.ఓ.ఎల్. చాట్ రూమ్‌లోని స్క్రీన్ నేములు మాత్రమే! కంపెనీ అసలు పేర్లు బయటపెట్టనంది. జెఫ్రీ క్లాస్నర్ నాయకత్వంలోని నగర ఆరోగ్యశాఖ బృందం కోర్టుకెక్కి కూర్చోలేదు. ప్లానెట్‌అవుట్ అనే గే వెబ్‌సైటు సాయంతో అదే చాట్ రూమ్‌లోకి వెళ్ళి, ఇక్కడ సిఫిలిస్ తిరుగుతోంది, పరీక్ష చేయించుకోండి అని చెప్పించింది. మనుషులు ఎక్కడున్నారో అక్కడికే వెళ్ళడం, పేరు అడక్కుండా సాయం చేయడం. ఈ పద్ధతి ఈ కథలో మళ్ళీ వస్తుంది.

ఇక తప్పు మందు సంగతి. దీనికి న్యూయార్క్ వెళ్ళాలి, ఎందుకంటే భయపెట్టడం అనే ప్రయోగం బాగా కనబడింది అక్కడే. 2004 జనవరిలో పీటర్ స్టేలీ అనే ఎయిడ్స్ ఉద్యమకారుడు తన జేబులోంచి డబ్బు పెట్టి చెల్సీ పేటలోని ఫోన్ బూతుల మీద ప్రకటనలు అతికించాడు. క్రిస్టల్ కొంటే హెచ్.ఐ.వి. ఉచితం అని దాని భావం. ఆయన తనే మెత్ వ్యసనం నుంచి బయటపడ్డ మనిషి. ఎవరూ మాట్లాడని విషయాన్ని లోపలివాడిగా నలుగురి నోళ్ళలో పెట్టాడు, అంతవరకూ మెచ్చుకోవాల్సిందే.

మరుసటేడు జరిగింది వేరు. 2005 ఫిబ్రవరి 11న నగర ఆరోగ్య కమిషనర్ థామస్ ఫ్రీడెన్ విలేకరులని పిలిచి, మెత్ వాడే ఒక గే రోగిలో ఎన్నో మందులకి లొంగని, అతి వేగంగా ఎయిడ్స్‌లోకి దించే హెచ్.ఐ.వి. కనబడిందని ప్రకటించాడు. ఇంకేముంది, పత్రికలకి పండగ. "సూపర్ వైరస్" అన్నారు. గే మగవాళ్ళ విచ్చలవిడితనం అన్నారు. నెలలు గడిచాయి, భయపడ్డట్టు ఆ వైరస్ ఊరంతా పాకలేదు. మిగిలింది ఒక్క రోగి, బోలెడు తిట్లు. మెత్ ప్రమాదమే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ వార్త చదివిన మెత్ అలవాటున్న మనిషి మర్నాడు క్లినిక్‌కి వెళ్తాడా, తలుపేసుకుని కూర్చుంటాడా? మీరే చెప్పండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు!

దాదాపు అదే సమయంలో శాన్ ఫ్రాన్సిస్కో చడీచప్పుడు లేకుండా ఇంకో పని చేసింది. 2003 చివర్లో నగర ఆరోగ్యశాఖ ప్రాప్ అనే చిన్న కార్యక్రమం మొదలుపెట్టింది. వారంలో కొన్నిసార్లు వచ్చి మూత్ర పరీక్ష ఇవ్వాలి. మెత్ కనబడకపోతే ఒక వోచర్. వరుసగా శుభ్రంగా వస్తే వోచర్ విలువ పెరుగుతూ పోతుంది. మెత్ కనబడితే ఆ రోజుకి ఏమీ రాదు, విలువ మళ్ళీ మొదటికి వస్తుంది, అంతే. తిట్టరు, పోలీసులని పిలవరు, మళ్ళీ రమ్మంటారు. ఈ పద్ధతి పేరు కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. 1990ల మొదట్లో వెర్మాంట్ యూనివర్సిటీలో స్టీఫెన్ హిగ్గిన్స్ దీన్ని కొకెయిన్ రోగుల మీద పరీక్షించి చూపించాడు. సూత్రం తేలికే. మెత్ ఇచ్చే ఆనందం ఇప్పటికిప్పుడు వస్తుంది. మానేస్తే వచ్చే ఆరోగ్యం ఎప్పుడో ఏడాదికి కనబడుతుంది. ఆ మధ్య ఖాళీలో చేతికందే చిన్న లాభం ఒకటి పెట్టారు.

పనిచేసిందా? లాస్ ఏంజిలిస్‌లో స్టీవ్ షాప్టా బృందం మెత్‌కి బానిసలైన 162 మంది గే, బైసెక్సువల్ మగవాళ్ళని నాలుగు గుంపులుగా చేసి 16 వారాలు చికిత్స ఇచ్చి, 2005లో ఫలితాలు అచ్చువేసింది. వోచర్లు అందుకున్నవాళ్ళు మామూలు కౌన్సెలింగ్ ఒక్కటే అందినవాళ్ళకంటే ఎక్కువ కాలం చికిత్సలో నిలిచారు, ఎక్కువ రోజులు మెత్ ముట్టలేదు. గే జీవితానికి తగ్గట్టు మలిచిన కౌన్సెలింగ్ అందుకున్నవాళ్ళలో మాత్రం ప్రమాదకరమైన సెక్స్ మొదటి వారాల్లోనే త్వరగా తగ్గింది. అంటే బహుమతి పనిచేస్తుంది, తన గొడవ తెలిసినవాడు తన భాషలో మాట్లాడటం కూడా పనిచేస్తుంది.

ఇంత తెలిశాక దేశమంతా అమలు చేసి ఉంటారు అనుకుంటున్నారా? లేదు :( డ్రగ్స్ మానినందుకు ప్రభుత్వం డబ్బులిస్తుందా అన్నారు. నేనూ డ్రగ్స్ ముట్టలేదు, మరి నా వోచరేదీ అన్నారు. ఈ ప్రశ్న నవ్వి కొట్టిపారేసేది కాదు, పన్ను కట్టే ఎవరికైనా వస్తుంది. రోగులకి డబ్బు ఆశ చూపించి వైద్య బిల్లులు పెంచుకోకుండా పెట్టిన చట్టాలు కూడా అడ్డొచ్చాయి. కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లతో నడిచే చోట ఒక్కో రోగికి ఏడాదికి 75 డాలర్లకి మించి ఇవ్వకూడదన్న పరిమితి చాలా కాలం నడిచింది. శాన్ ఫ్రాన్సిస్కో సెనేటర్ స్కాట్ వీనర్ తెచ్చిన బిల్లుని 2021లో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశాడు, ముందు ప్రయోగాత్మక పథకం చూద్దామని. చివరికి కేంద్రం అనుమతితో 2023లో ఆ రాష్ట్రపు పేదల ఆరోగ్య పథకం మెడి-కాల్‌లో ఇది మొదలయ్యింది. 24 వారాలు, ఒక మనిషికి ఏడాదికి అత్యధికం 599 డాలర్లు. ఇలా పథకంలో చేర్చిన మొదటి రాష్ట్రం అదే. 2003 నుంచి 2023... సరిగ్గా ఇరవై ఏళ్ళు.

లెక్క కావాలంటే ఇదిగో. అమెరికాలో ఒక మనిషికి జీవితాంతం హెచ్.ఐ.వి. చికిత్సకి అయ్యే ఖర్చు 4 లక్షల డాలర్ల పైమాటే. అంటే వోచర్లు తీసుకున్న 600 మందిలో ఒక్కడికి వైరస్ సోకకుండా ఆగినా సొమ్ము రాబట్టినట్టే. నైతికత సంగతి పక్కన పెట్టి, పిసినారిగా ఆలోచించినా ఇదే చవక.

ఇంకోవైపు హెచ్.ఐ.వి. వైద్యమే మారిపోయింది. రోగం తెలిసిన వెంటనే మందులు మొదలుపెట్టాలని శాన్ ఫ్రాన్సిస్కో 2010లో దేశంలో అందరికంటే ముందు నిర్ణయించింది. వైరస్ సోకకముందే వేసుకునే మాత్ర, అంటే ప్రెప్, పనిచేస్తుందని 2010లో ఐప్రెక్స్ ప్రయోగంలో తేలింది, 2012 జులైలో అనుమతి వచ్చింది. మందులు సరిగ్గా వాడి రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవాడి నుంచి సెక్స్ ద్వారా వైరస్ సోకదని తేలింది. యూరప్‌లో 782 గే జంటలని గమనించి 2019లో అచ్చువేసిన అధ్యయనంలో అలా సోకిన కేసు ఒక్కటి కూడా లేదు. 2022లో ఇదే నగరం సెక్స్ తర్వాత డాక్సీసైక్లిన్ వేసుకుని సిఫిలిస్, క్లమీడియా ఆపే పద్ధతిని కూడా దేశంలో మొదటగా సిఫారసు చేసింది.

మరి మెత్ మానలేనివాళ్ళ సంగతి? మాత్ర రోజూ గుర్తుంచుకోలేరు కదా. శాన్ ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలో 1983లో మొదలైన ఎయిడ్స్ క్లినిక్ వార్డ్ 86 దీనికీ దారి వెతికింది. 2021లో వచ్చిన దీర్ఘకాలిక ఇంజెక్షన్లని, మాత్రలతో వైరస్ అదుపులోకి రానివాళ్ళకి కూడా ఇచ్చి చూసింది. వాళ్ళలో ఇళ్ళు లేనివాళ్ళు, ఉత్తేజకాలు వాడేవాళ్ళు ఉన్నారు. 2023లో మోనికా గాంధీ బృందం ప్రకటించిన ఫలితాల్లో, అలా వైరస్ అదుపులో లేని 57 మందిలో 54 మందికి అదుపులోకి వచ్చింది. ముందు డ్రగ్స్ మానెయ్, తర్వాత వైద్యం చేస్తాం అని ఉంటే ఈ 54 మంది ఏమయ్యేవాళ్ళు?

1990ల మొదట్లో ఆ ఒక్క ఊర్లో ఏటా రెండు వేలకి పైగా ఎయిడ్స్ కేసులు. 2019 నుంచి కొత్తగా బయటపడుతున్న హెచ్.ఐ.వి. కేసులు ఏటా 200 లోపే. ఎయిడ్స్ అంటే ముదిరిన దశ కాబట్టి రెండూ ఒకే లెక్క కాదు, ఘనతంతా వోచర్లదీ కాదు. అలాగని అంతా బాగుందనీ కాదు. మెత్ వ్యసనానికని అమెరికాలో అనుమతి పొందిన మందు ఇప్పటికీ ఒక్కటీ లేదు. కానీ తలుపు తెరిచి ఉంచిన ఊర్లో రోగం తగ్గింది అన్నంతవరకూ వాదన అక్కర్లేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? 1987 నుంచి 2010 జనవరి దాకా హెచ్.ఐ.వి. ఉంటే అమెరికా వీసాకి, గ్రీన్ కార్డుకి అనర్హత. గ్రీన్ కార్డు మెడికల్లో ఆ రక్తపరీక్ష కూడా ఉండేది. ఆ ఏళ్ళలో వై2కే వేవ్‌లో వెళ్ళిన మన సీనియర్లలో గే అయిన ఒక తెలుగు కుర్రాడు ఉన్నాడనుకోండి. ఇంటికి చెప్పలేడు, ఆఫీసులో చెప్పలేడు, పరీక్ష చేయించుకుంటే దేశంలో ఉండటానికే ఎసరు. పరీక్ష చేయించుకోకపోవడమే వాడికి తెలివైన పని అయ్యేట్టు చట్టమే చేసింది. ఆ నిషేధం పోయింది గానీ మాదకద్రవ్యాల వ్యసనం ఇప్పటికీ గ్రీన్ కార్డుకి అనర్హతే. మన సంబంధాల మార్కెట్టు గురించి చెప్పక్కర్లేదు.

మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీం కోర్టు 377 మీద తీర్పిచ్చింది. అదే నెలలో అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, కొద్ది మొత్తంతో పట్టుబడ్డ వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకి వస్తే కేసు నుంచి రక్షణ ఇస్తుంది. ఏడాదికి రెండుసార్లు తీసుకుంటే హెచ్.ఐ.వి. సోకకుండా ఆపే లెనకాపవిర్ ఇంజెక్షన్ చవగ్గా తయారు చేయడానికి 2024లో లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో హెటెరో, డాక్టర్ రెడ్డీస్ రెండూ మన హైదరాబాదువే. చట్టం ఉంది, మందు మన ఊర్లోనే తయారవుతుంది. లేనిదల్లా ఆ కుర్రాడు నోరు తెరిచి అడగగలిగే చోటు.

అలాంటివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రెండు నంబర్లు రాసుకోండి. హెచ్.ఐ.వి. గురించి 1097, మత్తుమందుల గురించి 14446. రెండూ ఉచితం. ప్రభుత్వాస్పత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష కూడా ఉచితమే.

మిగతావాళ్ళకి నాదొకటే మాట. ఇలాంటి వార్త ఎప్పుడు చదివినా, వీళ్ళకిలాగే కావాలి అనే ముందు ఒక్క క్షణం ఆగండి. మీ స్నేహితుడో, తమ్ముడో మీ ముందే ఆ వార్త చదువుతూ ఉండొచ్చు. క్లినిక్‌కి వెళ్ళాలా వద్దా అన్నది మీ నోట వచ్చే ఆ మాటని బట్టే తేల్చుకుంటాడు.